తేటనీటిలోని విషము

గాజుతొట్టిలో చేపలను పెంచుట ఒకప్పుడు నగరములందలి సంపన్నుల వేడుక. నేడది పల్లెలకును వచ్చినది. సంగారెడ్డి జిల్లాలోని హత్నూర మండలమునే చూడుడు. ఒకవైపు వరిపొలములు, పత్తిచేలు, చెరువులు. మఱియొకవైపు గుండ్లమాచనూరు, బోర్పట్ల గ్రామముల చెంత ఔషధ పరిశ్రమలు. పొలమునకు పోవువారును, కర్మాగారమునకు పోవువారును ఒక్క వీధిలోనే కాపురముందురు. ఇట్టి ఇండ్లలో ముందుగదియందు బల్లపై ఒక గాజుతొట్టియు, అందు బంగారువన్నె చేపలు రెండో మూడో తిరుగుచుండుటయు ఇప్పుడు వింత గాదు. పటాన్‌చెరుకో సంగారెడ్డికో పనిమీద పోయిన తండ్రి ప్లాస్టిక్ సంచిలో నీటితో పాటు చేపలను కట్టించి తెచ్చును. పిల్లలు వానికి పేర్లు పెట్టుదురు; బడినుండి రాగానే తొట్టి ముందు చతికిలబడుదురు; కంటబడినప్పుడెల్ల చిటికెడు తిండి వేయుదురు.

మొదటి రెండు దినములు చేపలు చురుకుగ తిరుగును. మూడవనాడు ఒక మూల చేరి ఱెక్కలు ముడుచుకొనును. నాలుగవనాడు నీటిపైకి వచ్చి నోరు తెఱచుచు మూయుచుండును. అయిదవ దినమున తెల్లవారి చూడగా ఒకటి వెల్లకిల పడి తేలుచుండును. నీరు పాడైనదందమా, అద్దమువలె తేటగ నున్నది. తిండి చాలలేదందమా, అడుగున ఇంకను మిగిలియున్నది. అవ్వ “దిష్టి తగిలిన”దనును. తండ్రి “అంగడివాడు రోగపు చేపలనంటగట్టె”ననును. పిల్లవాడు మాత్రము “నేనే తిండి తక్కువ వేసితినేమో” యని లోలోపల కుములును. ఈ మూడు మాటలలో మూడవదియే సత్యమునకు మిక్కిలి దూరము. తిండి తక్కువయై గాదు, ఎక్కువయై ఆ చేప చచ్చినది. దానిని చంపిన విషమునకు అమ్మోనియా యని పేరు.

అమ్మోనియా మనకు కొత్తది గాదు. తెల్లవారుజామున తలుపు తెఱచిన పశువులకొట్టమునుండి ముక్కునకు సోకు ఘాటైన వాసన దానిదే. వీధులవెంట తిరిగి ఇత్తడిగిన్నెలకు కళాయి పూయువారు కాగిన గిన్నెలో నవసాగరపు పొడి చల్లగా గుప్పున లేచు పొగలోని ఘాటులోను దాని పాలు కలదు. పొలమున చల్లిన యూరియా నేలలో కరిగి మొదట అమ్మోనియాగనే మాఱును. వరిపైరున కది బలము, చేపకు విషము.

ప్రతి జీవియు మాంసకృత్తులను భుజించి, అందలి నత్రజనిలో తనకు అక్కఱలేని భాగమును విసర్జింపవలెను. మనుష్యుడు దానిని యూరియాగ మార్చి మూత్రమున విడుచును. పక్షి దానిని యూరిక్ ఆమ్లముగ మార్చి తెల్లని ముద్దగ విడుచును. ఈ మార్పులకు శరీరము కొంత శక్తిని వ్యయము చేయవలెను. చేపకు ఆ శ్రమ లేదు. చుట్టును నీరే గదా! అమ్మోనియాను అట్లే, అధికభాగము మొప్పల ద్వారమున, నీటిలోనికి వదలివేయును. నదిలోను చెరువులోను ఇది చక్కని ఏర్పాటు. వదలినది విశాలమైన జలరాశిలో పలుచబడిపోవును. నలువది లీటర్ల తొట్టిలో అది ఎక్కడికి పోవును? నీటిలో అమ్మోనియా పెరిగినకొలది మొప్పలనుండి వెలువడవలసినది వెలువడజాలక రక్తమున నిలిచిపోవును. ఇంకను హెచ్చినచో వెలుపలిదే లోనికి చొచ్చును. మొప్పల సున్నితమైన పొరలు దెబ్బతినును. అప్పుడు నీటిలో ప్రాణవాయువు చాలినంత యున్నను చేప దానిని గ్రహింపజాలదు. నీటిపైకి వచ్చి నోరు తెఱచుట అందువలననే.

ఐనచో పదేండ్లుగ అదే తొట్టిలో చేపలను బ్రదికించుకొనుచున్నవారు ఎట్లు చేయుచున్నారు? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు చాలకాలము పట్టినది. 1850లో లండను నగరమున రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఒక తొట్టిలో బంగారుచేపలను, వాలిస్నేరియా యను నీటిమొక్కను, నత్తలను కలిపి పెంచి, నీరు మార్చకయే వానిని చాలకాలము బ్రదికింపగలిగితినని ప్రకటించెను. మొక్క చేపకు ప్రాణవాయువు నిచ్చును. చేప విడిచిన బొగ్గుపులుసు గాలిని మొక్క గ్రహించును. కుళ్లిన ఆకులను నత్తలు తినివేయును. లెక్క సరిపోయినదని అతడు సంతసించెను. కాని ఆ తొట్టిలో వారింగ్టన్ ఎఱుగని మఱియొక కాపురస్థుడు ఉండెను.

వానిని పట్టుకొన్నది చేపలవారు గాదు, మురుగునీటిని పరిశీలించుచున్నవారు. 1877లో ఫ్రాన్సు దేశమున ష్లోసింగ్, మ్యూంట్స్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఒక పొడవైన గొట్టమును ఇసుకతోను సున్నపురాతిపొడితోను నింపి, అమ్మోనియా గల మురుగునీటిని దానిగుండ మెల్లమెల్లగ కాఱనిచ్చిరి. ఇరువది దినములు ఏ మార్పును గనబడలేదు. పైన పోసిన అమ్మోనియా క్రింద నట్లే దిగుచుండెను. ఆ తరువాత క్రమముగ క్రిందికి వచ్చు నీటిలో అమ్మోనియా తఱిగి నైట్రేటు కానవచ్చెను. ఇది కేవలము రసాయనిక చర్యయే యైనచో ఇరువది దినములు వేచియుండనేల? మొదటినాడే జరుగవలదా? గొట్టములో ఏదో జీవి పుట్టి పెరుగుచున్నదని వారికి తోచినది. తమ ఊహను పరీక్షించుటకై క్లోరోఫారపు ఆవిరిని గొట్టములోనికి పంపిరి. వెంటనే మార్పు నిలిచిపోయినది. క్లోరోఫారమును తొలగించినను పని తిరిగి సాగలేదు. అప్పుడు పొలములోని మట్టిని నీట కలిపి ఆ నీటిని పైన పోసిరి. కొలది దినములలో నైట్రేటు మరల వచ్చినది! మట్టితో పాటు ఆ జీవులును వచ్చి కాపురము పెట్టినవన్నమాట.

ఇందొక ముచ్చట గలదు. ఈ సంగతి విని, ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనశాలలో పండ్రెండేండ్లకు పైగ దానినే పరిశోధించినవాడు ఆ వారింగ్టన్ కుమారుడే. అతని పేరును రాబర్ట్ వారింగ్టనే. అమ్మోనియా మొదట నైట్రైటుగను, నైట్రైటు తరువాత నైట్రేటుగను, రెండు మెట్లలో మాఱునని అతడు నిరూపించెను. తండ్రి తొట్టిలో కంటబడనిదానిని కుమారుడు నేలలో వెదకెను. కాని ఆ జీవిని వేఱుపఱచి చూపు భాగ్యము అతనికి దక్కలేదు. ఆ కీర్తి 1890లో జూరిచ్ నగరమున పనిచేయుచుండిన రష్యా శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీకి లభించినది. తక్కినవారందఱు సూక్ష్మజీవులకు మాంసరసమును పెట్టి పెంచజూచిరి. ఈ జీవులకు అట్టి విందులు గిట్టవని, అమ్మోనియాయే వాని ఆహారమని గ్రహించి అతడు దానినే పెట్టెను. అవి పెరిగినవి.

అమ్మోనియాను నైట్రైటుగ మార్చు జాతులలో నైట్రోసోమోనాస్ ముఖ్యమైనది. నైట్రైటును నైట్రేటుగ మార్చునది నైట్రోబాక్టర్ అని చాలకాలము అందఱును నమ్మిరి. ఇండ్లలోని మంచినీటి తొట్లలో ఆ పని చేయునది ప్రధానముగ నైట్రోస్పైరా యను వేఱొక జాతి యని 1998లో తేలినది. ఆ రెండు పనులను ఒంటరిగనే చేయగల నైట్రోస్పైరాలు కూడ కలవని 2015లో కనుగొనిరి. వానిలో కొన్ని దొరకినది చేపలపెంపకపు తొట్టి వడపోతలోనే! ఈ జీవులు నీటిలో కంటె, ఏదేని ఉపరితలమును అంటిపెట్టుకొని యుండుటకే ఇష్టపడును. తొట్టి ఫిల్టరులోని స్పాంజియు, అడుగున పఱచిన గులకరాళ్లును వాని నివాసములు. కావున స్పాంజి చెత్తను పట్టు జల్లెడ మాత్రమే గాదు. అది ఒక ఊరు.

కొత్త తొట్టిలో ఈ ఊరు ఇంకను వెలయలేదు. అదియే చిక్కు. మన ప్రేగులలోని సామాన్య సూక్ష్మజీవి అనుకూల స్థితులలో 20 నిమిషములకొకసారి రెట్టింపగును. ఈ జీవులకు ఒక్కసారి రెట్టింపగుటకే చాల గంటలు, ఒక్కొక్కప్పుడు ఒక దినమునకు పైగ పట్టును. తొట్టికి చాలినంతగ అవి పెరుగుటకు సామాన్యముగ నాలుగు మొదలు ఆఱు వారములు కావలెను. మన పిల్లవాడు చేపను తెచ్చినది మొదటినాడే గదా!

ఆ తొట్టి సంగతిని లెక్కవేసి చూతము. పొడవు 50 సెంటీమీటర్లు, వెడల్పు 30, నీటి యెత్తు 27 అనుకొనుడు. మూడింటిని గుణించి 1,000 చేత భాగింపగా 40 లీటర్లకు కొంచెము పైన వచ్చును. దినమునకు ఒక గ్రాము తిండి వేయుచున్నారనుకొందము. మాంసకృత్తులు నూటికి 35 పాళ్లు గల తిండి ఒక గ్రామునుండి సుమారు 30 మిల్లీగ్రాముల అమ్మోనియా నీటిలో చేరును. అనగా లీటరుకు దినమునకు 0.75 మిల్లీగ్రాము. అయిదు దినములకు 3.75 మిల్లీగ్రాములు. తినక మిగిలి కుళ్లినది దీనికి అదనము.

ఈ మొత్తమంతయు ఒకే తీరున హానిచేయదు. నీటిలో అమ్మోనియా రెండు రూపములలో నుండును. ఒకటి విద్యుదావేశము గల అమ్మోనియం. ఇది మొప్పల పొరను సులభముగ దాటజాలదు. రెండవది ఆవేశము లేని అమ్మోనియా. ఇదియే అసలైన విషము. లీటరుకు 0.02 మిల్లీగ్రామును మించినచో చేపలకు మంచిది గాదు. ఏ రూపము ఎంత యుండునన్నది నీటి క్షారగుణమును బట్టియు, వేడిమిని బట్టియు మాఱును. క్షారగుణమును పి.హెచ్. అను మానముతో కొలుతురు. 7 అనగా ఆమ్లమును గాదు, క్షారమును గాదు. 7కు పైన పోయినకొలది క్షారము. 30 డిగ్రీల వేడిమిలో పి.హెచ్. 7 గల నీటియందు విషరూపము నూటికి 0.8 పాలు మాత్రమే. పి.హెచ్. 8 ఐనచో నూటికి 7.5 పాళ్లు, 9 ఐనచో 44 పాళ్లకు పైన! మన తొట్టిలోని 3.75 మిల్లీగ్రాములలో మొదటి స్థితియందు విషము 0.03; రెండవ స్థితియందు 0.28. మొదటిది హద్దును కొంచెము దాటినది. రెండవది హద్దునకు పదునాలుగు రెట్లు.

తెలంగాణమున పెక్కు బోరుబావుల నీరు కఠినజలము. కాచిన గిన్నె అడుగున పట్టు తెల్లని పెచ్చు అందులకు సాక్షి. అట్టి నీటి పి.హెచ్. తఱచు 7కు పైననే యుండును. ఇక హత్నూర ఎండలు చెప్పనక్కఱలేదు. కావున చల్లని దేశములలో వ్రాసిన పుస్తకమును చూచి “ఇంత అమ్మోనియా యున్నను భయము లేదు” అనుకొనుట మనయూర చెల్లదు.

విషము చేరినదని తెలియుటెట్లు? చేపలు పైకి వచ్చి ఆవులించినట్లు నోరు తెఱచుట, మొప్పలు ఎఱ్ఱబాఱుట, తిండి ముట్టకుండుట, అడుగున చదికిలబడుట చిహ్నములు. కాని ఇవి కనబడునప్పటికే ఆలస్యమైనట్లు. అలంకారపు చేపల అంగళ్లలో పరీక్షద్రవములు దొరకును. చిన్న గాజుగొట్టమున తొట్టినీటిని తీసి, చెప్పిన లెక్క ప్రకారము బొట్లు వేసి, కొన్ని నిమిషములు ఆగి రంగును చూడవలెను. సాధారణముగ దొరకు ద్రవముతో పసుపుపచ్చ నిలిచినచో అమ్మోనియా లేదు. ఆకుపచ్చ తిరిగినకొలది ఎక్కువ. రంగును పగటివెలుతురులో, తెల్లకాగితము ముందు పట్టి చూచుట మేలు.

ఇక చేయవలసినది. మొట్టమొదట తిండి వేయుట మానవలెను. చిన్నపిల్లలున్న ఇంట ఇది అన్నింటికంటె కష్టమైన పని. “పస్తుండి చచ్చిపోవును” అని ఏడ్తురు. ఆరోగ్యముగ పెరిగిన చేప రెండు మూడు దినములు తినకున్నను దానికేమియు గాదు. అడుగున మిగిలిన తిండిని, మలమును సన్నని రబ్బరుగొట్టముతో పీల్చి తీసివేయవలెను. చచ్చిన చేప యున్నచో క్షణమైన ఆలస్యము చేయరాదు. అది కుళ్లి తక్కినవానిని చంపును.

తరువాత నీటిని మార్చవలెను. అమ్మోనియా లీటరుకు 4 మిల్లీగ్రాములున్నదనుకొనుడు. సగము నీరు తీసి కొత్త నీరు పోసినచో 2 మిగులును. మఱునాడు మరల సగము మార్చినచో 1. ఒక్కపట్టున నీరంతయు మార్చినచో సున్నయగును గదా యని తోచవచ్చును. అగును, కాని వేడిమియందును, లవణములయందును, పి.హెచ్.నందును ఒక్కసారిగ కలుగు మార్పునకు తట్టుకొనలేక చేప చచ్చినచో సున్న యుండి ప్రయోజనమేమి? అంతకంటె సూక్ష్మమైన చిక్కు మఱియొకటి గలదు. నెలల తరబడి నీరు మార్చని పాత తొట్టి క్రమముగ ఆమ్లమగును. అందు అమ్మోనియా ఎంత యున్నను అధికభాగము హానిలేని రూపముననే యుండును. చేపలు ఏదో విధముగ బ్రదుకుచుండును. యజమానికి ఒకనాడు శుభ్రతపై బుద్ధి పుట్టి సగము తీసి కడవల కొలది బోరునీరు పోయును. పి.హెచ్. గబాలున పెరుగును. మిగిలిన అమ్మోనియం విషరూపము దాల్చును. సాయంకాలమునకు చేపలు తేలును. అట్టి తొట్టిలో తొలుత పదవవంతు చొప్పున, దినదినము కొంచెము కొంచెముగ మార్చుకొనుచు రావలెను. అంగడినుండి తెచ్చిన సంచి విషయమునను ఇదే న్యాయము. దారిలో చేపలు విడిచిన బొగ్గుపులుసు గాలి సంచిలోని నీటిని ఆమ్లముగ చేసి కాపాడుచుండును. మూతి విప్పి గంటలకొలది అట్లే యుంచినచో ఆ గాలి పోయి, పి.హెచ్. పెరిగి, సంచిలో చేరిన అమ్మోనియా కాటువేయును. కావున కట్టు విప్పక కొంతసేపు తొట్టిలో తేలనిచ్చి, వేడిమి సమానమైన పిమ్మట విప్పి, చేపలను మాత్రము చేతివలతో ఎత్తి తొట్టిలో విడువవలెను.

ఏ నీరు పోయవలెను? పల్లెలకు కుళాయిలద్వారా వచ్చు మిషన్ భగీరథ నీటిలో మనుష్యుల ఆరోగ్యముకొఱకు క్లోరిన్ కలుపుదురు. మనకది రక్షణ, చేప మొప్పలకును, స్పాంజిలోని సూక్ష్మజీవులకును అది శత్రువు. వెడల్పైన పాత్రలో ఒక దినము నిలువయుంచినచో క్లోరిన్ వెడలిపోవును. తొందరయున్నచో సోడియం థయోసల్ఫేటు పలుకులు ఒకటి రెండు చాలును. పూర్వము ఛాయాచిత్రములు కడుగువారు ‘హైపో’ అని వాడినది దీనినే. బోరునీటిలో క్లోరిన్ లేదు, కాని దాని క్షారగుణమును ముందుగ పరీక్షింపవలెను. డబ్బాలలో అమ్ము శుద్ధజలము అన్నింటికంటె మంచిదని కొందఱు తలతురు. అది పొరపాటు. ఆ నీటిలో లవణములు మిక్కిలి తక్కువ. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చుటకు మన సూక్ష్మజీవులు 7 గ్రాములకు పైగ సున్నపురాతికి సమానమైన క్షారమును, నాలుగున్నర గ్రాముల ప్రాణవాయువును వాడుకొనును. క్షారము ముగిసినచో వాని పనియు ముగియును. బోరునీటిని, శుద్ధజలమును కలిపి పోయుట మధ్యేమార్గము.

ప్రాణవాయువు మాట వచ్చినది గావున గాలిపంపును ఎన్నడును ఆపరాదు. చేపకును, సూక్ష్మజీవులకును ఇద్దఱకును అదే ఆధారము. కరెంటు పోయి చాలగంటలు ఫిల్టరు నిలిచినచో లోపలి జీవులు ఊపిరాడక చచ్చి కుళ్లును. కరెంటు రాగానే పంపు వేయక, స్పాంజిని తీసి తొట్టినీటిలోనే ముంచి పిండి, ఆపై నడుపుట మంచిది. తొట్టినీటిలోనే యనుటకు కారణము కలదు. శుభ్రత యందు పట్టుదల గలవారు ఆదివారమునాడు స్పాంజిని కుళాయిక్రింద తెల్లగ వచ్చుదాక పిండి, రాళ్లను సబ్బుతో తోమి, ఎండబెట్టి, సాయంకాలము తొట్టిని తళతళలాడించుదురు. ఊరినంతయు ఉత్తచేతులతో తుడిచిపెట్టినట్లే! బుధవారమునకు చేపలు నోళ్లు తెఱచును. పాపము, వారికంటె సోమరియైన పొరుగువాని తొట్టియే మేలుగ నుండును.

ఆ పొరుగువాడు మంచివాడైనచో అతని తొట్టిలోని పాత స్పాంజిముక్కను అడిగి తెచ్చుకొనుట అన్ని ఉపాయములలో శ్రేష్ఠము. ఆఱు వారముల పని ఒక్కొక్కప్పుడు వారములో నెఱవేరును. ష్లోసింగ్, మ్యూంట్స్ పొలము మట్టినీటిని పోసి చేసినది ఇదియే గదా! అతని చేపలకు రోగము లేదని మాత్రము ముందుగ చూచుకొనవలెను. జియోలైటు అను రాతిపొడి అమ్మోనియంను పట్టియుంచును, ఆపదలో పనికివచ్చును. కాని జియోలైటు ఉన్న తొట్టిలో ఉప్పు వేయరాదు. ఉప్పు తగిలిన వెంటనే అది పట్టినదానిని మరల విడిచిపెట్టును. నాచుమొక్కలను పెంచుటయు, మనీప్లాంట్ తీగ వేళ్లను నీట వ్రేలాడదీయుటయు చూడ సొంపు, చేపకు మేలు.

కృష్ణా, గోదావరి జిల్లాలలో చేపలను రొయ్యలను సాగుచేయు రైతులకు ఈ విద్య జీవనోపాధి. భీమవరము ప్రాంతమున చెరువునీటిని సీసాలలో పట్టి పరీక్షశాలకు తీసికొనిపోవు రైతు అడుగు ప్రశ్నలలో అమ్మోనియా ఎంత యన్నది ఒకటి. వారును మేత తగ్గించుదురు, నీరు మార్చుదురు, జియోలైటు చల్లుదురు, చక్రములు తిరుగు ఏరియేటర్లతో నీటిని చిలుకుదురు. ఎండవేళ చెరువులోని పచ్చని పాచి బొగ్గుపులుసు గాలిని పీల్చివేయుటచే మధ్యాహ్నమునకు పి.హెచ్. పెరిగి, ఉదయము హానిచేయని అమ్మోనియాయే సాయంకాలమునకు హానికరమగును. అందుచే నీటిని ఉదయమొకమాఱు, మధ్యాహ్నము దాటినపిదప ఒకమాఱు పరీక్షించుట మంచిది. పచ్చబాఱిన ఇంటితొట్టికిని ఇది వర్తించును.

చేప నలతగ నున్నదని తెలియగనే ఏదో ఒక మందు తెచ్చి నీట కలుపు అలవాటు కొందఱికి గలదు. సూక్ష్మజీవులను చంపు ఔషధము రోగక్రిములను చంపినట్లే, స్పాంజిలోని మేలుచేయు జీవులను కూడ చంపవచ్చును. చేపకున్నది రోగము గాక అమ్మోనియా విషమైనచో ఆ మందు గోరుచుట్టుపై రోకటిపోటు. హత్నూర ప్రాంతమువారు తమ చుట్టుపట్ల వాగుల చరిత్రను తలచుకొన్నచో దీని భావము స్పష్టపడును. పటాన్‌చెరు వద్ద 1970 దశకమున పరిశ్రమలు వెలసిన పిదప వాని వ్యర్థజలములు నక్కవాగులో కలిసి మంజీరానది వైపు పాఱినవి. పంటలు, పశువులు, చేపలు నష్టపడగా వ్యాజ్యము 1990లో సుప్రీంకోర్టునకు చేరినది. వ్యర్థజలములను ఒకచోట శుద్ధిచేయుటకు సామూహిక కేంద్రము నిర్మింపబడినది. అట్టి కేంద్రములలోను నీటిని శుభ్రపఱచు కూలివారు సూక్ష్మజీవులే. స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ప్రకటించినదాని ప్రకారము, నాడు ఆ కేంద్రమునుండి శుద్ధియై వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అను సూక్ష్మజీవి నాశక ఔషధము లీటరుకు 31 మిల్లీగ్రాముల వఱకు ఉండెను. మంచము పట్టిన రోగి రక్తములో ఉండు పరిమాణముకంటె అది ఎక్కువ. 2017 అక్టోబరులో ఆ ప్రాంతముననే గండిగూడెము చెరువునిండ చేపలు చచ్చి తేలినవి. వలలపై బ్రదుకు మత్స్యకారులు ఒడ్డున నిలిచి చూచుచుండిపోయిరి. పరిశ్రమల నీరే కారణమని వారు మొఱపెట్టుకొనిరి. ఇంటిలో తొట్టికి స్పాంజి తెచ్చుకొనవచ్చును, నీరు మార్చుకొనవచ్చును. చెరువునకు నీరు మార్చువారెవరు?

మరల మన తొట్టికి వత్తము. అమ్మోనియా తగ్గగానే పని ముగియలేదు. రెండవ మెట్టయిన నైట్రైటు పెరుగును. అదియు విషమే, రక్తమును గోధుమరంగుగ మార్చి ప్రాణవాయువును మోయకుండ చేయును. జియోలైటు లేని తొట్టిలో కొంచెము ఉప్పు వేసినచో అందలి క్లోరైడు నైట్రైటును మొప్పలలోనికి దూరనీయదు. నాలుగైదు వారములు గడచి, దినదిన పరీక్షలో అమ్మోనియా, నైట్రైటు రెండును సున్నకు వచ్చి, నైట్రేటు ఒక్కటే మిగిలిననాడు తొట్టి పక్వమైనది. ఆ తరువాత మఱి రెండు చేపలను తేవచ్చును; రెండే, నాలుగు గాదు. అవి చేరిన వారముదాక పరీక్ష మానరాదు.

మిగిలిన నైట్రేటును తొలగించుటకు వారమునకొకసారి పావువంతు నీటిని తీసిన చాలును. ఉప్పు వేయని తొట్టియైనచో ఆ నీటిని పాఱబోయనక్కఱలేదు. పెరటిలో మిరపమొక్కల పాదులలో పోసినచో అవి దానిని ఎరువుగ గ్రహించును. పోయు పని ఇంటిలోని పిల్లవానికే అప్పగింపవచ్చును. తిండి చిటికెను మాత్రము కొలిచి ఇచ్చుట మేలు.